సంతకానికి ముందు సరైన దుబాసీ

జర్మనీలో చిన్న కొట్టు పెట్టుకున్న అఫ్గాన్ వ్యాపారికి ఓ వకీలు ఉత్తరం వస్తుంది. అక్కడ దాన్ని ‘అబ్మానుంగ్’ అంటారు. మీ కొట్టు పేరు మా ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉంది, వాడకం ఆపండి, జతచేసిన హామీపత్రంపై సంతకం పెట్టి పంపండి అని దాని సారాంశం. గడువు చాలాసార్లు వారం పది రోజులే. టొరెంట్‌లో సినిమా దించుకుని ఇలాంటిదే అందుకున్న మన విద్యార్థులకు ఆ కంగారు తెలుసు. ఆ కంగారులో పక్కింటి కుర్రాడికి జర్మన్ వచ్చు కదా అని, వాడు చెప్పింది విని సంతకం గీకేస్తారు.

గీకొద్దు. అది జరిమానా రసీదు కాదు. సాధారణంగా ఆ హామీకి కాలపరిమితి ఉండదు. మాట తప్పిన ప్రతిసారీ డబ్బు కట్టాలి.

ఒక్క మాట తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. కాబూల్ నుంచి హాంబర్గ్ చేరిన గాయకుడు ‘నా పాట అమ్మేశాను’ అన్నాడనుకోండి. జర్మన్ చట్టం ప్రకారం కాపీరైట్ అమ్ముడుపోదు, వాడుకునే హక్కు మాత్రమే ఇవ్వొచ్చు. ఒక్కరికేనా, పలువురికా, ఎన్నేళ్లకు? కేసంతా అక్కడే ఉంది. నిఖార్సైన దుబాసీ ఆ మాట దగ్గర ఆగి, అనుమతి తీసుకుని, ఏమిచ్చావని మళ్లీ అడుగుతాడు. కుర్రాడు ‘అమ్మాడు’ అని ముందుకెళ్లిపోతాడు.

అఫ్గానిస్థాన్‌లో మాట్లాడే దరీకి దుబాసీని అడిగితే ఇరాన్ ఫార్సీ మనిషి వచ్చినా సరిపోతుందనుకోవద్దు. లిపి ఒకటే. కానీ కోర్టుని కాబూల్‌లో ‘మహ్‌కమా’ అంటే టెహ్రాన్‌లో ‘దాద్‌గాహ్’ అంటారు. ప్రాసిక్యూటర్ కాబూల్‌లో ‘సారన్‌వాల్’, టెహ్రాన్‌లో ‘దాద్‌సెతాన్’. పష్తో అయితే వేరే భాషే. కాబట్టి ‘అఫ్గాన్ భాష’ అని రాసి ఊరుకోకండి.

జర్మనీలో కోర్టు భాష జర్మన్. అది రాని కక్షిదారుకు దుబాసీని కోర్టే పిలుస్తుంది. వకీలు ఆఫీసులో కూర్చున్నప్పుడు మాత్రం ఆ బాధ్యత మీదే. ప్రమాణం చేసిన దుబాసీయేనా, మేధోహక్కుల కేసు ఎప్పుడైనా చూశాడా అని ముందే అడగండి. అవతలి పక్షంతో బంధుత్వం ఉందేమో కూడా అడగండి, మొహమాటపడకండి; చిన్న సమాజంలో అందరూ అందరికీ ఏదో ఒకటవుతారు. కాగితాలు ముందురోజే పంపండి. మాట తర్జుమా చేసేవారు, రాత తర్జుమా చేసేవారు వేర్వేరు అర్హతలవాళ్లని మరవకండి.

ప్రమాణం చేసిన దుబాసీల జాబితాను జర్మన్ రాష్ట్రాల న్యాయశాఖలు ఉమ్మడిగా ఇంటర్నెట్‌లో ఉంచాయి. భాషను బట్టి, ఊరిని బట్టి ఉచితంగా వెతకొచ్చు. ఉత్తరం అందిన రోజే వెతకండి.