తలుపు మూస్తే రిజ్క్ మన జిమ్మా

మన బుజుర్గుల కాలంలో బిల్లి ఇంటికి వచ్చిపోయే మెహమాన్. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక ఇంత అన్నం, రెండు ఎముకలు వేస్తే తినేది. మిగతా పొట్ట ఎలుకలతో, తొండలతో తనే నింపుకునేది. దాని అసలు సేహత్ ఆ ఎలుకల్లోనే ఉండేది. మాంసం, కలేజీ, గుండె, ఎముక అన్నీ ఒకే వేటలో దొరికేవి.

ఇప్పుడు ఫ్లాట్లలో కిటికీకి జాలీ, తలుపుకి గడియ. మా ఇంట్లో నాలుగు బిల్లులున్నాయి, ఒక్కటీ గడప దాటదు. మా ఫుప్పు వచ్చినప్పుడల్లా అంటుంది: "ఇంత ఇంతెజాం ఎందుకు బేటా? మిగిలిన సాలన్ అన్నంలో కలిపి పెడితే సరిపోదా?" ఆమె మాటలో ముహబ్బత్ ఉంది. ఫిజూల్ ఖర్చీ వద్దన్న అక్లమందీ ఉంది. కానీ ఆ సలహా తలుపు తెరిచి ఉన్న ఇంటికి చెల్లుతుంది.

పిల్లిని బంధించి చంపిన ఔరత్‌కు అజాబ్ పడిందన్న హదీస్ బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆమె దానికి తిండీ పెట్టలేదు, బయట పురుగో పుట్రో వెతుక్కునేందుకు వదలనూ లేదు. నాకు ఈ రెండో మాటే ముఖ్యంగా కనిపిస్తుంది. వేటకు దారి మూసినవాళ్ల మీద దాని రిజ్క్ జిమ్మా పడుతుంది. అది పొట్ట నింపడంతో తీరేది కాదు.

ఎందుకంటే బిల్లి పక్కా మాంసాహారి. టౌరిన్ అనే పదార్థం తక్కువైతే పిల్లి గుండె బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో పాల్ పియాన్ బృందం తేల్చింది. ఆ లోటుతో చూపు కూడా పోతుంది. టౌరిన్ మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో ఉండదు. సాలన్‌లోని ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. పాలు చాలా పెద్ద పిల్లులకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. పోనీ ఉడికించిన చికెన్ ఒక్కటే పెడదామా? అందులో కాల్షియం చాలదు, పిల్ల బిల్లుల ఎముకలు మెత్తబడతాయి.

ఇక ఖర్చు సంగతి. ప్యాకెట్ మీద బొమ్మను కాదు, 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అన్న మాటను చూడండి. ఆ మాట ఉన్న సాదా డ్రై ఫుడ్ రోజువారీ ఖానాగా చాలు. నాలుగు కిలోల ఇంటి పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి, అంటే దాదాపు 50 గ్రాములు. నాలుగింటికి నెలకు 6 కిలోలు. ఒకటే పిల్లి ఉంటే పెద్ద బస్తా మెత్తబడి వాసన పడుతుంది. నాలుగుంటే నెలలో అయిపోతుంది, కిలో ధరా తగ్గుతుంది. గిన్నె నిండా పోసి వదిలేయకుండా తూచి పెట్టండి. ఇంట్లోనే ఉండే పిల్లి తొందరగా లావెక్కుతుంది, మనకేమో సామాను వృథా. విడివిడి గిన్నెల్లో పెడితే ఏది తినడం మానేసిందో ఆ పూటే తెలుస్తుంది.

పైన ఒక చెంచా ఉడికించిన చికెన్ గుండెకాయ, ఉప్పు మసాలా లేకుండా, ఉడికిన నీళ్లతో సహా. టౌరిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది. డ్రై ఫుడ్ తినే పిల్లికి తడీ అవసరమే, ముఖ్యంగా మూత్రం బిగిసే మగవాటికి. కలేజీ మాత్రం రోజూ వద్దు, విటమిన్ 'ఎ' ఎక్కువవుతుంది. క్రీమ్ ట్యూబులు ఖానా తర్వాత పాన్ లాంటివి. అవి లేకపోయినా బిల్లికి లోటు లేదు.

ఇంతా చేశాక ఒక హిసాబు మిగులుతుంది. వీధిలో పిల్ల కూన కనిపిస్తే దిల్ కరుగుతుంది, సహజం. కానీ ఐదోదాన్ని లోపలికి తెచ్చే ముందు నెలకు ఇంకో కిలోన్నర తిండి, డాక్టరు ఖర్చూ లెక్క వేసుకోండి. ఆ లెక్క కుదరకపోతే గేటు బయటే దానికో గిన్నె పెట్టండి. అదీ రహమే. లోపలున్న నాలుగింటి వాటా మాత్రం తగ్గించకండి.