తక్కెడ ఎవరి చేతిలో ఉన్నది?

రైల్వే శాఖ అరిగిపోయిన పట్టాలను, విరిగిన చక్రాలను, పనికిరాని వ్యాగన్లను ఎలక్ట్రానిక్ వేలంలో అమ్మి ఏటా వేల కోట్ల రూపాయలు గడిస్తున్నది. ఆ ఆదాయాన్ని ఘనకార్యంగా చాటుకొంటున్నది. అదే పట్టాల పక్కన ఊరు పారవేసిన డబ్బాలను, తీగ ముక్కలను ఏరి గోనెసంచిలో వేసుకొనే మనిషికి మాత్రం దక్కేది దొంగ అన్న అనుమానం. ఇనుము ఒక్కటే. దానిని అమ్మే చేతిని బట్టి మర్యాద మారుతున్నది. ఈ అన్యాయం ఎదుట సంఘటిత కార్మికులమైన మనం మౌనం వహించుట తగదు.

పాత ఇనుము ఏరేవారి బ్రతుకు ఏ యంత్రాంగంలో నలుగుతున్నదో ముందుగా తెలుసుకొనవలసి ఉన్నది. వీధి వీధి తిరిగి ఉల్లిపాయలకు, చిల్లర డబ్బుకు పాత సామాను కొనేవారు కొందరు. చెత్తకుప్పలలో ఏరుకొనేవారు మరికొందరు. వీరు సేకరించిన సరుకు మొదట పేటలోని చిన్న దుకాణానికి చేరుతుంది. అక్కడ నుండి లోహాల వారీగా వేరుపడి పెద్ద గోదాముకు, గోదాము నుండి కొలిమికి, రోలింగు మిల్లుకు పోతుంది. ప్రతి మెట్టు మీద ధర పెరుగుతుంది. మొదటి మెట్టు మీద నిలిచినవాని కూలి మాత్రం పెరగదు.

కారణం దాచినది కాదు. తోపుడు బండి దుకాణదారుది. ఉదయం సరుకు కొనుటకు పెట్టుబడి అతడిచ్చిన బదులు. ఇంట్లో జబ్బు చేసినా, పెండ్లి వచ్చినా అప్పు అతని వద్దనే. అందువలన సరుకును అతనికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలసి ఉంటుంది. తూకం అతని కాటా మీదనే. తుప్పు పేరుతో ఒక కోత, మట్టి పేరుతో మరొక కోత. ఇత్తడి, రాగి కలిసిన సరుకుకు ఇనుము ధర కట్టినా అడిగే దిక్కు లేదు. దీనిని వ్యాపారమని పిలుచుట భాషకే అవమానం. ఇది బదులు రూపంలో సాగుతున్న వెట్టి.

ఇటువంటివారి శ్రమ దేశానికి అక్కరలేనిదా? కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2019లో ప్రకటించిన తుక్కు పునర్వినియోగ విధానం ప్రకారం 2017-18లో మన దేశం దాదాపు 70 లక్షల టన్నుల ఇనుప తుక్కును 24,500 కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి విదేశాల నుండి దిగుమతి చేసుకొన్నది. పాత అల్యూమినియం కరిగించి మళ్ళీ తయారుచేయుటకు ఖనిజం నుండి తీయుటకు పట్టే విద్యుత్తులో ఇరవయ్యో వంతు చాలును. అనగా గోనెసంచి మోసేవాడు విదేశ మారకద్రవ్యాన్ని, బొగ్గును, విద్యుత్తును ఆదా చేస్తున్నాడు. ఆదా ఫలం పరిశ్రమకు పోతున్నది. గాయాలు అతనికి మిగులుతున్నవి.

ఆ గాయాలు కూడ చిన్నవి కావు. తుప్పు రేకు కోసిన చేతికి ధనుర్వాతపు సూది అందదు. రాగి కొరకు తీగల పైపొరను కాల్చేటప్పుడు వెలువడే విషపు పొగ ఆడవారి, పిల్లల ఊపిరితిత్తులలోనికే పోతుంది. పాత బ్యాటరీలను పగులగొట్టే చోట సీసం నెత్తురులో కలుస్తుంది. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో జరిగిన ఘోరం మరువరానిది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1985 నుండి వాడక మూలపడవేసిన ఒక పరికరాన్ని 2010 ఫిబ్రవరిలో వేలం వేసినది. దానిలో కోబాల్టు-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్నదని కొన్నవారికి తెలియదు, కోసినవారికి తెలియదు. పలువురు ఆసుపత్రి పాలైనారు, ఒక కార్మికుడు మరణించినాడు. వేలం వేసినవారు చదువుకొన్నవారు. ప్రాణం పోయినది సుత్తి పట్టినవానిది.

ఇక మనకు సన్నిహితమైన విషయం. రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం, 1966 ప్రకారం దొంగసొత్తుగా సహేతుకమైన అనుమానానికి తావిచ్చే రైల్వే సామాను ఎవరి వద్దనైనా దొరికినచో, అది సక్రమంగానే తనకు వచ్చినదని నిరూపించుకొనవలసిన భారం అతనిదే. మొదటి నేరానికే 5 సంవత్సరాల వరకు జైలు పడవచ్చును. పట్టా బిగింపులను, ఫిష్‌ప్లేట్లను దొంగిలించుట రైలు నడిపేవారి, ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమని మనకంటె బాగుగా ఎరిగినవారు లేరు. దొంగలను వెనుకవేసుకొని రావలెనని ఎవరూ కోరుట లేదు. కాని రసీదు అన్నదే ఎరుగని వ్యాపారంలో నిర్దోషి తన నిర్దోషిత్వాన్ని ఏ కాగితంతో నిరూపించుకొనగలడు? దొంగసొత్తు కొనే గోదాము యజమానికి వకీలు ఉంటాడు. ఏరుకొనేవానికి లాఠీ ఉంటుంది.

దీనికి మందు దానధర్మం కాదు. చేతి తొడుగులు పంచి ఫోటోలు తీయించుకొనుట అంతకన్న కాదు. సేకరించేవారే సభ్యులుగా, సేకరించేవారే యజమానులుగా సహకార సంఘాలు ఏర్పడవలెను. సంఘానికి సొంత కాటా ఉన్ననాడు దొంగతూకం ఆగుతుంది. సొంత గోదాము ఉన్ననాడు ఇనుము, ఇత్తడి, రాగి, సత్తు వేరుపరచి తగిన ధర వచ్చువరకు నిలువ ఉంచవచ్చును. సొంత పరపతి నిధి ఉన్ననాడు దుకాణదారు బదులు అక్కరలేదు. సంఘం ప్రతి కొనుగోలుకు రసీదు వ్రాసి, పుస్తకంలో ఎక్కించిననాడు దొంగకు, కష్టజీవికి మధ్య గీత స్పష్టమవుతుంది. ఇది రైల్వే రక్షణకు కూడ మేలు.

ఇది కలగాదు. పూనాలో 1993లో చెత్త ఏరుకొనేవారు, అందులో అత్యధికులు దళిత స్త్రీలు, కాగద్ కాచ్ పత్రా కష్టకారీ పంచాయత్ అనే యూనియన్ స్థాపించుకొన్నారు. కాగితం, గాజు, రేకు అని తమ సరుకునే సంఘానికి పేరుగా పెట్టుకొన్నారు. గుర్తింపు కార్డులు సాధించినారు. ఆ యూనియన్ బలం మీదనే ‘స్వచ్ఛ్’ సహకార సంఘం నిలిచి, 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని ఇంటింటి సేకరణ బాధ్యత స్వీకరించినది. మూడు వేలకు పైబడిన సభ్యులు ఇళ్ళవారి నుండి రుసుము, సరుకు అమ్మకం నుండి రాబడి పొందినారు. ముందు యూనియన్, తరువాత సహకార సంఘం: ఈ క్రమమే ఇక్కడి పాఠం. ఒప్పందం గడువు తీరినప్పుడు ప్రైవేటు కంట్రాక్టర్ల పోటీని ఎదుర్కొని నిలుచుటకు కూడ ఆ యూనియన్ బలమే ఆధారమైనది.

సహకార సంఘం పోరాటాన్ని చల్లార్చే ఉపాయమని కొందరు మిత్రులు అంటారు. కాఫీ బోర్డు తన కాఫీహౌసులను మూసివేసినప్పుడు ఎ.కె. గోపాలన్ అండతో తొలగింపునకు గురైన కార్మికులు 1957-58లో సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నడిపిన చరిత్రను వారు గుర్తు చేసుకొనవలెను. 1969లో కన్ననూరులో బీడీ యజమానులు కర్మాగారాలు మూసిపోతే దినేశ్ బీడీ సంఘం పుట్టినది. అవి పోరాటానికి బదులుగా వచ్చినవి కావు, పోరాటం కన్న బిడ్డలు.

సహకార సంఘాలు రాజకీయ నాయకుల గూళ్ళుగా మారినవని మరికొందరి వాదన. ఇందులో నిజం ఉన్నది, అందుకే కట్టుదిట్టం కావలెను. చేతితో సేకరించనివానికి, వ్యాపారికి, వ్యాపారి బినామీకి సభ్యత్వం ఉండరాదు. లెక్కలు నెలనెలా సభ్యులకు చదివి వినిపించవలెను. ప్రభుత్వ వాటాధనం లేక, ప్రభుత్వ పెత్తనం లేక సంఘాలు నడుపుకొనుటకు ఆంధ్రప్రదేశ్‌లో 1995లోనే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చినది. సాధనం ఉన్నది. పూనుకొనేవారు కావలెను.

“మన బాధలే మనకు చాలవా?” అనే ప్రశ్న కూడ వినవస్తున్నది. స్టేషన్లను ఊడ్చే పని కంట్రాక్టుకు పోయినది. గ్రామీణ డాక్ సేవకులు నేటికీ శాఖోద్యోగులుగా గుర్తింపు లేక అలమటిస్తున్నారు. ఈ పనులకు ఇంత తక్కువ కూలి ఏల చాలుతున్నది? వెలుపల, ఏ రక్షణా లేక, ఇంతకన్న తక్కువకు నలిగేవారు కోట్లలో ఉన్నారు గనుక. అట్టడుగు కూలి పైకి లేవనిదే మన కూలికి స్థిరమైన నేల ఉండదు. 1974 మేలో 20 రోజులు రైళ్ళు నిలిపిన కార్మికవర్గానికి ఈ సత్యం కొత్తగా చెప్పనక్కరలేదు. వడ్డీ వ్యాపారి గుప్పిట నుండి బయటపడుటకు సహకార పరపతి సంఘాలు నెలకొల్పుకొన్నది మన పెద్దలే. పశ్చిమ రైల్వే ఉద్యోగుల జాక్సన్ సంఘం 1912 నాటిది. మనకు మేలు చేసిన పద్ధతి మన గేటు బయట ఉన్నవానికి పనికిరాదనుట స్వార్థం.

2016లో వెలువడిన ఘనవ్యర్థాల నియమావళి చెత్త ఏరుకొనేవారిని గుర్తించి వ్యవస్థలో చేర్చుకొనవలెనని స్థానిక సంస్థలను ఆదేశించినది. ఆదేశం కాగితం మీద ఉండగా అనేక పట్టణాలలో టెండర్లు పెద్ద కంపెనీలకు పోయినవి. కావున మన కోర్కెలు స్పష్టంగా ఉండవలెను:

1. రైల్వే, తపాలా శాఖల పాత సామాను వేలంలో చిన్న లాట్లను సేకరణ కార్మికుల సహకార సంఘాలకు ప్రత్యేకించవలెను. వారికి ధరావత్తు నుండి మినహాయింపు ఇవ్వవలెను.

2. సంఘం రసీదు, గుర్తింపు కార్డు చూపినవారిని రైల్వే రక్షణ దళం వేధింపరాదు.

3. ప్రభుత్వ సంస్థలు వేలం వేసే ప్రతి పరికరానికి అపాయకర పదార్థాలు లేవన్న ధ్రువపత్రం జతపరచవలెను.

4. గోదాముకు స్థలం, ముద్రవేసిన కాటా, వైద్య పరీక్షలు స్థానిక సంస్థలు సమకూర్చవలెను.

కోరుటతో మన పని తీరదు. తపాలా సోదరులు తమ కౌంటరు వద్ద వీరికి పొదుపు ఖాతాలు తెరిపించి, ఏటా 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా పథకంలో చేర్పించగలరు. సహకార పరపతి సంఘాలలో లెక్కలు వ్రాసిన రైల్వే సోదరులు కొత్త సంఘానికి పద్దులు నేర్పగలరు. ప్రతి జంక్షనులోని మన శాఖ తమ పేటలోని సేకరణ కార్మికులను పిలిచి ఒక సభ జరిపి, తీర్మానం చేసి, ఒక్క కాటా కొని ఇచ్చినా చాలును. తక్కినది వారు చేసుకొంటారు.

తక్కెడ ఎవరి చేతిలో ఉంటే ధర వారిదే. దానిని కష్టించే చేతికి అందించుట సంఘటిత కార్మికుల విధి.