నల్లకోటు వదిలి... కొలువుల వేటకు!

చంకలో కేసు కట్టలు, పగలంతా కోర్టు హాలు, సాయంత్రం సీనియర్ ఆఫీసులో మర్నాటి వాయిదాలు. ఎల్లారెడ్డిలోనో కామారెడ్డిలోనో అయిదారేళ్లు ఇలా గడిపిన న్యాయవాది ఓ రోజు ఇంట్లో 'ప్రాక్టీసు మానేసి లీగల్ రిక్రూటింగ్‌లోకి వెళ్తాను' అన్నాడనుకోండి. ముందు ఆ మాటే ఎవరికీ అర్థంకాదు. అర్థమయ్యాక నాన్నకు కోపమొస్తుంది. 'లా చదివించింది ఊళ్లోవాళ్లకు ఉద్యోగాలు చూడ్డానికా?' అని.

ఊళ్లోవాళ్లకు కాదు, న్యాయవాదులకు. కంపెనీలు, బ్యాంకులు, లా ఫర్మ్‌లకు సరైన లాయర్లను వెతికిపెట్టడమే ఈ పని. అమెరికాలో దశాబ్దాలుగా ఉన్నదే. ఫీజు సాధారణంగా ఉద్యోగమిచ్చే సంస్థే చెల్లిస్తుంది, మొదటి ఏడాది జీతంలో ఇంత శాతమని. అభ్యర్థినే డబ్బడిగేవారి దగ్గర జాగ్రత్తగా ఉండాల్సిందే!

ఇందులో కోర్టు అనుభవం బాగా పనికొస్తుంది. దావా తనే రాశాడా, సీనియర్ వెనక ఫైలు మోశాడా అన్నది బయోడేటా చెప్పదు. సాక్షుల్ని క్రాస్ చేసినవాడు మాత్రం నాలుగు ప్రశ్నల్లో రాబట్టేస్తాడు.

అయితే రెండు పడవల మీద కాళ్లు కుదరవు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 49వది పూర్తికాలపు జీతం ఉద్యోగాన్ని, 47వది సొంతంగా వ్యాపారం నడపడాన్ని ప్రాక్టీసు చేసే న్యాయవాదికి నిషేధిస్తున్నాయి. కాబట్టి రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు నిలిపేయాలి. మరో సంగతి... లాయరుకు ఉద్యోగం చూపించడం వేరు, కమీషన్‌కు కేసులు తెచ్చివ్వడం వేరు. రెండోది దళారీ పని. 2023లో అడ్వకేట్స్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, దళారీల జాబితాలోకెక్కినవారు ఆ పని సాగిస్తే మూడు నెలల వరకు జైలుశిక్ష పడొచ్చు.

డబ్బు మాటకొస్తే, జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేల రూపాయలైనా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే, ఆదేశం కాదు. చిన్న ఊళ్ల జూనియర్ల ఆలోచనలు ఇటు మళ్లడంలో వింతేముంది? కాకపోతే ఈ కొలువులున్నది హైదరాబాద్, బెంగళూరు, ముంబయిల్లో. అక్కడి సంస్థలతో పరిచయాలు పెరిగేదాకా ఆదాయం అంతంతమాత్రమే. ఆర్నెల్ల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా దిగడం సాహసమే.

జడ్జి కావాలన్న ఆశ ఉంటే మాత్రం తొందర వద్దు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు చెప్పింది. ఏడాదికే కోటు వదిలేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఇక చేతిలో ఉన్న కేసులు. లింగంపేట నుంచో తాడ్వాయి నుంచో బస్సెక్కి వాయిదాకొచ్చే రైతు ఆ న్యాయవాది ముఖం చూసే వకాలత్ ఇచ్చి ఉంటాడు. అతనికి ముందే చెప్పాలి, మరో లాయరును చూసుకునే గడువివ్వాలి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగివ్వాలి. ఇది మంచితనం కాదు, నిబంధనే. ప్రాక్టీసు నిలిపేశాక కొత్త వకాలత్ మీద సంతకం పెట్టకూడదు... బాబాయి పొలం కేసైనా సరే.