పందికొక్కుకు పరీక్ష ఎందుకు?

2025 సెప్టెంబరు చివరి వారంలో మూసీ పొంగి గౌలిగూడలోని మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌ను ముంచినప్పుడు, ఆ నీటిలో నడిచి బయటపడిన ప్రయాణికులను మనమందరం టీవీలలో చూశాము. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందన్న లెక్క ప్రతి ఛానెల్ చెప్పింది. ఆ నీటిలో ఏమున్నదన్న ప్రశ్న మాత్రం నా చెవిన పడలేదు. నాకు మొదట స్ఫురించినది పందికొక్కు.

ఈ జంతువుకు మనతో పాత చుట్టరికమున్నది. ఆంగ్లంలోని ‘బ్యాండికూట్’ అనే మాట మన ‘పందికొక్కు’ నుండే పుట్టినది. అది ఎవరూ పెంచని వన్యప్రాణి, కాని మన చెత్తకుప్పల మీద బ్రతుకుతుంది. గోడల కింద, కాలువగట్లలో బొరియలు చేసుకుంటుంది. వరద ఆ బొరియలను కడిగి, దాని మూత్రాన్ని మన కాళ్ళ దగ్గరకు చేరుస్తుంది. ఆ మూత్రంలో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉండవచ్చును. తడి నేలలో, నిలువ నీటిలో అది వారాల తరబడి జీవించగలదు. పాదాల మీది చిన్న గీరుడు, కంటిపొర దానికి ద్వారాలు.

ప్లేగు కాలంలో మన పెద్దలకు ఒక హెచ్చరిక అందేది. ఇంట్లో ఎలుకలు రాలిపడితే ఇల్లు విడిచి ఊరి బయట పాకలు వేసుకొనేవారు. లెప్టోస్పైరా విషయంలో అటువంటి హెచ్చరిక లేదు. ఎలుక, పందికొక్కు సాధారణంగా దాని వలన జబ్బుపడవు. బ్యాక్టీరియా వాటి మూత్రపిండాలలో కాపురముండి, నెలల తరబడి మూత్రంతో బయటకు వస్తూనే ఉంటుంది. కనుక చూపుకు ఆరోగ్యంగా ఉన్న జంతువును పట్టి పరీక్షిస్తే తప్ప నిజం తెలియదు. రక్తంలో ప్రతిరక్షకాలు కనిపిస్తే ఆ జంతువుకు ఎప్పుడో బ్యాక్టీరియా సోకినదని మాత్రమే అర్థం. ఇప్పుడు వెదజల్లుతున్నదా అన్నది మూత్రపిండాన్నో, మూత్రాన్నో పరీక్షిస్తే తేలుతుంది. ఈ రెండింటినీ కలగలిపి భయపెట్టే వార్తలు వ్రాయడం నాకు నచ్చదు. అసలు పరీక్షించకుండా నిశ్చింతగా ఉండడం అంతకంటె నచ్చదు.

ఈ పట్టుదలకు కారణం చెబుతాను. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఒక వానాకాలం, పాతికేళ్ళ యువకుడు జ్వరంతో వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పిక్కలు ముట్టుకోనివ్వడం లేదు, కామెర్లు అప్పుడే తొంగిచూస్తున్నవి. వైరస్ కామెర్లని వ్రాసి పంపించాను. ఇంటివారు పసరు పోయించి, ఉప్పు లేని పత్యం పెట్టారు. అయిదవ రోజున తిరిగి తీసుకువచ్చేసరికి మూత్రం ఆగిపోయింది. మురుగు కాలువలలో పూడిక తీసే పని అతనిదని అప్పుడు తెలిసింది. మొదటి రోజున నేను ఆ ప్రశ్న అడగలేదు. అతడు దక్కలేదు.

మొదటి రోజుననే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి చవకైన మందులు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. అయినా ఈ జబ్బులో తొలి రోజులే విలువైనవి. చిక్కేమిటంటే, ప్రతిరక్షకాల పరీక్ష తొలి వారంలో తరచు నెగెటివ్‌గానే వస్తుంది. దానిని చూసి మందు మానరాదు. ప్లేట్‌లెట్లు ఇందులోనూ తగ్గుతాయి గనుక అందరి దృష్టీ డెంగీ మీదికి పోతుంది. కాని డెంగీలో సాధారణంగా తగ్గే తెల్లకణాలు ఇందులో తరచు పెరుగుతాయి. వైరస్ కామెర్లలో కాలేయ ఎంజైములు వేలకు ఎగబాకుతాయి. ఇందులో బిలిరుబిన్ బాగా పెరిగినా ఎంజైములు కొద్దిగానే పెరుగుతాయి, క్రియాటినిన్ కూడా పెరుగుతుంది. ఇవన్నీ మామూలు ప్రయోగశాలలో తేలే సంగతులే. వీటికంటె ముందు, ‘ఈ నెలలో ఎక్కడి నీటిలో నడిచావు నాయనా?’ అని అడగడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వం 12వ పంచవర్ష ప్రణాళికలో లెప్టోస్పైరోసిస్ నివారణ కార్యక్రమాన్ని చేపట్టినప్పుడు గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటక, కేరళ, తమిళనాడు, అండమాన్ నికోబార్‌లను ఎంచుకొన్నది. చుట్టూ ఉన్నవారి పేర్లున్నవి. మన పేరు లేదు. పందికొక్కులు సరిహద్దు చూసి ఆగిపోయాయని నేననుకోను. వెదకని చోట జబ్బు దొరకదు.

దోమలను పట్టి లెక్కించే వ్యవస్థ మన నగరానికి ఉన్నది, సంతోషమే. అదే విధంగా వానాకాలానికి ముందూ తరువాతా గౌలిగూడ, అఫ్జల్‌గంజ్, నాంపల్లి కాలువల వెంట కొన్ని పందికొక్కులను బోనులలో పట్టి ఎందుకు పరీక్షించరాదు? నారాయణగూడలో ఐపీఎం ఉన్నది, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నది. మనుషుల వైద్యులు, పశువైద్యులు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి, అంతే. ఏ వీధిలో ముప్పు ఎక్కువో ముందుగా తెలిస్తే, ఆ వీధి ఆసుపత్రిలోని వైద్యుడు నా వలె తొందరపడడు.

విషం పెట్టి చంపితే సరిపోదా అని కొందరు అడుగుతారు. హోటళ్ళ వెనుక ఎంగిలి అలాగే ఉంటే, ఖాళీ అయిన బొరియలోకి మరొకటి వస్తుంది. అందుచేత ముందు ఎంగిలి పారవేసే తీరు మారాలి. పూడిక తీసే కార్మికులకు బూట్లు, చేతితొడుగులు కాగితం మీద కాక కాళ్ళకూ చేతులకూ ఉండాలి. ఇక మీరు తప్పనిసరై వరదనీటిలో నడిస్తే, ఇంటికి రాగానే సబ్బుతో కాళ్ళు కడుక్కోండి, గాయముంటే వైద్యునికి చూపండి. ఆ తరువాత నెల రోజులలోపు జ్వరము, పిక్కల నొప్పి వస్తే, వైద్యుడు అడగకపోయినా ఆ నీటి సంగతి మీరే చెప్పండి.