ఆపరేషన్ టేబుల్ మీద పాట అడగొచ్చా?

నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలోనో, ఉప్పల్‌లోని ఏ నర్సింగ్‌హోమ్‌లోనో మీకు హెర్నియా ఆపరేషన్ అనుకోండి. నడుముకు మత్తు ఇస్తే నొప్పి తెలియదు కానీ మెలకువ ఉంటుంది. కత్తెరల చప్పుడూ వినిపిస్తుంది. భయం ఎక్కువైతే నిద్రమత్తు మందు ఇవ్వాల్సి వస్తుంది. డోసు పెరిగితే శ్వాస మందగించొచ్చు. పాట పనికొచ్చేది ఇక్కడే. మత్తుకు బదులుగా కాదు, తోడుగా.

2015లో ‘లాన్సెట్’ ప్రచురించిన సమీక్ష 73 ప్రయోగాలను పరిశీలించింది. సంగీతం విన్నవారిలో ఆందోళన, నొప్పి తగ్గాయి, నొప్పి మందుల వాడకమూ తగ్గింది. ఖర్చు? దాదాపు ఏమీ లేదు.

2022లో గాంధీ ఆసుపత్రి వైద్యులు ఓ మహిళకు ‘అడవి దొంగ’ సినిమా చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేశారు. అక్కడ రోగి మెలకువగా ఉండటమే కావాలి, ఆ లెక్క వేరు.

మీరైతే ముందురోజే మత్తు డాక్టర్‌ను అడగండి. పాటలు మీకు నచ్చినవే పెట్టించుకోండి, సౌండ్ మాత్రం డాక్టర్ పిలుపు వినపడేంతలోనే ఉండాలి.