పేరు కనబడకపోయినా దారి ఉంటుంది

ఒకే ఇంటిలో రెండు కంప్యూటర్లు ఉన్నప్పుడు, ఒకదానిలోని ఫోల్డరును రెండవదానినుండి తెరచుకొనే సౌకర్యం మిక్కిలి ఉపయోగకరమైనది. కుటుంబపు ఫోటోలు, దుకాణపు లెక్కలు, దస్తావేజుల నకళ్లు ఒకచోట ఉంచి అందరూ వాడుకొనవచ్చు. కాని నిన్న నెట్‌వర్క్ జాబితాలో కనబడిన కంప్యూటరు పేరు నేడు కనబడదు. కొంతసేపటికి ఎవరూ ఏమీ చేయకుండానే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. విసిగిన గృహస్థు ఫైర్‌వాల్‌ను ఆపివేస్తాడు, పాస్‌వర్డును తొలగిస్తాడు. సమస్య తీరదు సరికదా, వీధి తలుపు బార్లా తెరచిపెట్టినట్లవుతుంది.

ఇక్కడ గ్రహించవలసినది ఒక్కటే. జాబితాలో పేరు కనబడడం వేరు, ఫోల్డరు తెరుచుకోవడం వేరు. టెలిఫోను డైరెక్టరీలో పేరు లేనంత మాత్రాన ఆ ఇంట మనుషులు లేరని కాదు గదా!

పూర్వపు విండోస్ పద్ధతిలో కంప్యూటర్లు తమలో తాము ఒక ‘ఎన్నిక’ జరుపుకొని, గెలిచిన యంత్రానికి జాబితా బాధ్యతను అప్పగించేవి. మిగిలినవి 12 నిమిషాలకొకసారి తమ ఉనికిని చాటేవి. వరుసగా 3 సార్లు పలుకకపోతేగాని పేరు తొలగేది కాదు. ఆ ఏర్పాటుకు ఎస్.ఎం.బి. 1 అనే పాత సంభాషణా విధానం ఆధారం. అందులోని లోపం గుండానే 2017 మే నెలలో ‘వానాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము సుమారు 150 దేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాతబడ్డాయి. ఆ లోపాన్ని సవరించే మార్పు అంతకు రెండు నెలల ముందే వెలువడినా, ఎందరో దానిని అమర్చుకోలేదు. అదే సంవత్సరం చివరి మాసాలనుండి కొత్తగా స్థాపించే విండోస్ 10లో ఎస్.ఎం.బి. 1ను మానివేశారు. జాబితా కనబడడం లేదని దానిని తిరిగి తెచ్చుకోవడం తెలిసి తెలిసి కొరివితో తల గోకుకోవడమే.

పరీక్షకు ఒక క్రమం ఉన్నది. మొదట ఫోల్డరు గల యంత్రం నిద్రావస్థలో లేదని చూడాలి. రెండూ ఒకే వైఫైలో ఉండాలి. అతిథుల వైఫైలో ఉన్న యంత్రాన్ని రౌటరు సాధారణంగా ఇతర యంత్రాలతో మాట్లాడనీయదు. పిమ్మట రెండింటిలోను నెట్‌వర్క్ ‘పబ్లిక్’గా గాక ‘ప్రైవేట్’గా నమోదై ఉండాలి.

అప్పటికీ పేరు కనబడకపోతే, రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి ఆ యంత్రపు అంకెల చిరునామాను, ఉదాహరణకు 192.168.1.5 అని, టైపు చేయాలి. ఫోల్డరు తెరుచుకుంటే దోషం జాబితాదే, దారి బాగున్నట్లే. రౌటరులో ఆ చిరునామాను స్థిరపరచి, ఫోల్డరుకు ఒక షార్ట్‌కట్ పెట్టుకుంటే చాలు. పాస్‌వర్డు అడిగితే అవతలి యంత్రంలోని ఖాతా పాస్‌వర్డు ఇవ్వాలి. పిన్ ఆ యంత్రం ముందు కూర్చున్నవారికే పనిచేస్తుంది. ‘అనుమతి లేదు’ అంటే పంపకపు అనుమతి, ఫైళ్ల అనుమతి రెండూ చూడాలి; రెండింటిలో కఠినమైనదే చెల్లుతుంది.

చివరి మాట. ఫోల్డరును పంచుకోవడం నకలు తీయడం కాదు. పదిమందికి కనబడినా ఫైలు ఒకటే; ఒకరు చెరిపితే అందరికీ పోతుంది. కనుక చూడవలసినవారికి చూసే అనుమతి మాత్రమే ఇచ్చి, మరొక ప్రతిని వేరొక డిస్కులో, కంప్యూటరుకు తగిలించకుండా భద్రపరచడం ఉత్తమం.