ముందు తెర కొలత చూడండి
పాత వీడియో గేముల కోసం చేతి కన్సోల్ కొనేవాళ్లు ప్రాసెసర్ గురించి అడిగినంతగా తెర గురించి అడగరు. నేనైతే ముందు అదే చూడమంటాను. 1989 నాటి గేమ్ బాయ్ బొమ్మలో అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలే (పిక్సెళ్లు). 2001లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో 240, 160. ఆ చుక్కలు సరిగ్గా రెండింతలో మూడింతలో పెరిగితేనే గీత గీతలా నిలుస్తుంది. రెండున్నర రెట్లకు సాగదీస్తే కొన్ని గీతలు లావెక్కి, బొమ్మ కదిలినప్పుడల్లా వణుకుతుంది. అందుకే అడ్వాన్స్ ఆటలే ప్రాణమైతే 720, 480 చుక్కల తెర ఉన్న ఆన్‌బర్నిక్ ఆర్‌జీ34ఎక్స్‌ఎక్స్ లాంటిది తీసుకోండి. మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన కాంట్రా, మారియోలకు 4:3 తెర కావాలి. అలాంటి తెరే ఉన్న మియూ మినీ ప్లస్ కన్సోల్ చాలు. వెడల్పాటి తెర నిండా సాగి పొట్టిగా, లావుగా మారిన మారియోని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కన్సోల్‌తో పాటు వేల గేములు నింపిన మెమరీ కార్డు ఉచితమంటే మాత్రం ఆశపడకండి, వాటిలో ఎక్కువభాగం హక్కులు లేని నకళ్లే.